లోటు పరిరక్షణ ఉపసంఘం

గంగన్నగూడెంలో ఎవరు పోయినా పెద్దకర్మ లోపల హైస్కూలు ఆవరణలో సంతాప సభ జరిగి తీరాల్సిందే. షామియానా వేస్తారు. పోయినాయన ఫొటోకి దండ వేసి కుర్చీలో కూర్చోబెడతారు. మైకు కాసేపు కీచుమని అరిచి ఊరుకున్నాక, రిటైర్డ్ సూపరింటెండెంటు కామేశం గారు లేచి గొంతు సవరించుకుని తీర్మానం చదువుతారు. ఆ తీర్మానం ఎప్పుడూ ఒకటే, పేరు మాత్రమే మారుతుంది. "వీరి మరణం మన గ్రామానికి తీరని లోటని ఈ సభ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది." జనం లేచి మౌనం పాటిస్తారు, టీలు తాగుతారు, ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. ఊరందరితోనూ గట్టు తగాదాలు పెట్టుకున్న పెద్దమనిషి పోయినప్పుడూ తీరని లోటే. ఆ సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టబోయి ఆగిన వాళ్ళు ఆయన పక్క పొలం వాళ్ళే అనుకోండి, అది వేరే సంగతి.

మోటార్ల మెకానిక్ గవర్రాజు పోయినప్పుడు మాత్రం ఆ మాట నిజమై కూర్చుంది. గంగన్నగూడెం మెట్ట ఊరు. కాలవ నీళ్ళు ఎరగదు. పామాయిల్, కోకో, మొక్కజొన్న, ఏదైనా సరే బోరు నీళ్ళతో బతకాల్సిందే. బోరులో మోటారు కాలిందంటే రైతుకి గుండెలో రాయి పడ్డట్టే. గవర్రాజు ఉన్నన్నాళ్ళూ పొద్దున మోటారు తెచ్చి కొట్లో పడేస్తే, లోపలి కాలిన తీగంతా పీకి, కొత్త రాగి తీగ చుట్టి, తిట్టాల్సిన నాలుగు తిట్లూ తిట్టి, సాయంత్రానికి చేతిలో పెట్టేవాడు. అతను కాస్తా గుండె ఆగి పోయాక మోటారు ఆటోలో వేసుకుని టౌనుకి పోవాలి. అక్కడ అందరి మోటార్ల వెనకా మన మోటారు పెట్టి రావాలి. అది తిరిగొచ్చేలోగా చేలో పైరు పడుకుంటుంది.

గవర్రాజు భార్య మంగతాయారు ఇదంతా చూస్తోంది. మొగుడు పోయిన దుఃఖం ఒకటి, మూతపడ్డ కొట్టు ముందునుంచి రోజూ నడిచి పోవడం ఇంకొకటి. ఏ రైతైనా కాలిన మోటారుతో అలవాటు కొద్దీ కొట్టు దాకా వచ్చి, షట్టరు చూసి నాలిక్కరుచుకుని వెనక్కి తిరిగితే ఆవిడ తనే తప్పు చేసినట్టు తల దించుకునేది. మళ్ళీ ఆ షట్టరు లేవాలి. ఊళ్ళో పిల్లలెవరో ఒకరు ఆ పని నేర్చుకుని ఆ కొట్లో కూర్చోవాలి. ఆవిడ కోరిక ఇదొక్కటే.

అందుకే సంతాప సభలో ప్రెసిడెంటు భీమశంకరం గారు మైకందుకుని, "గవర్రాజు పేరు మీద స్మారక ఉపకార వేతనం పెడతన్నాం. యేడాదికొకళ్ళని, మనూరి పిల్లల్నే, ఐటీఐలో పని నేర్పించి పైకి తెత్తాం," అనగానే మంగతాయారు ఏడుపు ఆపేసింది. ఊరంతా చందాలు వేసుకున్నారు. ఆవిడ తన వంతుగా కొట్టు తాళం చెవి కమిటీకి అప్పజెప్పింది, పని నేర్చుకొచ్చిన వాళ్ళకి కొట్టూ పనిముట్లూ ఇవ్వాలన్న షరతు మీద. కమిటీకి భీమశంకరం గారు అధ్యక్షులు, కామేశం గారు కార్యదర్శి, మంగతాయారు గౌరవ సభ్యురాలు. గౌరవ సభ్యురాలంటే ఏమిటని అడిగితే, "టీ మీకే ముందు ఇస్తారమ్మా," అన్నారు కామేశం గారు.

కొట్టే కమిటీ ఆఫీసైంది. గవర్రాజు పనిముట్లు అద్దాల బీరువాలోకి ఎక్కాయి. సంతాప తీర్మానాన్ని టైపు చేయించి, ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. అదిగో, కొంప మునిగింది అక్కడే. మామూలుగా ఆ తీర్మానాలు మర్నాడే ఎవరికీ గుర్తుండవు. ఈసారి గోడ మీద ఎదురుగా కనిపిస్తూ ఉండిపోయింది.

మొట్టమొదటి దరఖాస్తు ట్రాక్టరు డ్రైవరు ఏసుపాదం కూతురు సుగుణది. పదో తరగతి పాసైంది. టౌను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు వచ్చింది. చిన్నప్పుడు బడి అయ్యాక గవర్రాజు కొట్టు అరుగు మీద కూర్చుని, లేవమన్నా లేవకుండా ఆ తీగ చుట్టడం చూసేది. ఆ పిల్లే వస్తుందని మంగతాయారు ముందే అనుకుంది. మీటింగు రోజున తలంటు పోసుకుని మరీ వెళ్ళి కూర్చుంది.

"సదరు అభ్యర్థిని ఏ ట్రేడులో చేరదలచినది?" అని మొదలెట్టారు కామేశం గారు.

"ఎలక్ట్రీషియనండి. దాంతోపాటు మోటారు వైండింగు కూడా నేర్చుకుంటానండి," అంది సుగుణ.

"తదుపరి ఎక్కడ పనిచేయదలచినది?"

"ఎక్కడేంటండీ, ఇక్కడే. గవర్రాజు మావయ్య కొట్లోనే."

"పని బాగా పట్టుబడుతుందని నమ్మకమేనా?"

"పడతదండీ. బాగా చేత్తానండి."

కామేశం గారు పెన్నుకి మూత పెట్టి, కళ్ళజోడు తీసి, అధ్యక్షుల వైపు తిరిగారు. "విన్నారు కదా అధ్యక్షా. అభ్యర్థిని నోటితోనే ఒప్పుకున్నది."

"ఏం ఒప్పుకుందండీ?" అన్నారు భీమశంకరం గారు కంగారుగా.

"లోటు తీరుస్తానని."

అందరూ గోడ వైపు చూశారు. గోడ మీద ఫ్రేములో తీరని లోటు నల్లటి అక్షరాలతో నిగనిగలాడుతోంది.

"ఏకగ్రీవ తీర్మానం అధ్యక్షా," అన్నారు కామేశం గారు. ఆయన గొంతులో ముప్పై యేళ్ళ సర్వీసు పలికింది. "సదరు లోటు తీరనిదని గ్రామం యావత్తూ లేచి నిలబడి ధ్రువీకరించింది. ఇప్పుడు మన నిధులతో మనమే ఒక వ్యక్తిని తయారు చేసి ఆ లోటు తీర్పిస్తే, ఆ రోజు మనం అబద్ధం చెప్పినట్టా కాదా? కీర్తిశేషుల ఆత్మకి మనం ఏం సంజాయిషీ ఇచ్చుకుంటాం?"

భీమశంకరం గారు మంచి మనిషి. పది ఎకరాల పామాయిల్ తోటని ఒంటిచేత్తో పెంచిన మనిషి. కానీ సంజాయిషీ అన్న మాట వింటే చాలు, దేనికైనా తలూపేస్తారు. "అవునండోయ్. సంఘం మాట మీద సంఘమే నిలబడపోతే ఎట్టా?" అనేశారు.

మంగతాయారుకి ఇది వేళాకోళమో నిజమో కాసేపు అర్థం కాలేదు. "అంత ఇబ్బందైతే ఆ తీర్మానం కొట్టేసెయ్యండి బాబూ. నేనేం అనుకోను," అంది.

కామేశం గారు జాలిగా నవ్వారు. "సంతాప తీర్మానం రద్దు చేయాలంటే మరణాన్ని పునఃపరిశీలించాలమ్మా. అది మన పరిధిలోది కాదు."

ఆ యేడు ఉపకార వేతనం భీమశంకరం గారి మేనల్లుడు చంటికి ఇచ్చారు. బంధుప్రీతి అని ఎవరూ అనడానికి వీల్లేకుండా కామేశం గారు కారణాలు మినిట్సులో రాశారు. చంటి అదివరకు చేరిన ప్రతి కాలేజీ నుంచీ పారిపోయి వచ్చినవాడు. పని నేర్చుకోవాలన్న ఉద్దేశం బొత్తిగా లేదు. "ఇతని వలన లోటుకి ఏ విధమైన ప్రమాదమూ వాటిల్లదని కమిటీ సంతృప్తి చెందినది." సుగుణ సీటు గడువు దాటి పోయింది. ఆ పిల్ల కోకో కాయలు కొట్టే కూలికి వెళ్ళింది. మంగతాయారు మాత్రం మీటింగులు మానలేదు. టీ ఆవిడకే ముందు ఇస్తున్నారు, తాగి కూర్చుంటోంది, వింటోంది.

వినడానికి చాలానే ఉంది మరి. లోటుని ఊరికే వదిలేస్తే ఎవడో ఒకడు తీర్చేస్తాడని కామేశం గారికి భయం పట్టుకుంది. దాంతో లోటు పరిరక్షణ ఉపసంఘం ఏర్పడింది. కన్వీనరు కామేశం గారే. ఊళ్ళో లోటు ఏ మేరకు ఉన్నదో చూసి రావడం ఉపసంఘం పని. అధ్యక్షుల జీపులో, ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని చేల మీద పడ్డారు. గౌరవ సభ్యురాలిని కూడా వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నారు.

అబ్బులు చేలో మోటారు కాలి వారం దాటింది. మొక్కజొన్న తల వేలాడేసింది. అబ్బులు గట్టు మీద గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమయ్యా, ఎలా ఉంది?" అన్నారు కామేశం గారు.

"ఏముందండీ, గవర్రాజు లేని లోటు కనపడతానే ఉందిగా."

"తీరేలా ఉందా?"

"ఎక్కణ్ణించి తీరుద్దండీ బాబూ!"

"శభాష్!" అన్నారు కామేశం గారు. అబ్బులుకి అక్కడికక్కడే శాలువా కప్పి, ఎండిన మొక్కజొన్న ముందు నిలబెట్టి ఫొటో తీయించారు. ఆ యేడు సంవత్సరికం సభలో 'ఉత్తమ లోటు రైతు' అతనే. అబ్బులు ఆ శాలువా కప్పుకుని వేదిక దిగి, "దీన్ని బోరులో దింపితే నీళ్ళొత్తాయా అక్కా?" అని మంగతాయారుని చెవిలో అడిగాడు. ఆవిడకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పడమటి వీధి వెంకన్న సంగతి ఇంకా బాగుంటుంది. ఏలూరు నుంచి అతని అల్లుడు పండక్కి వచ్చి, ఊరికే కూర్చోలేక, కాలిన మోటారు విప్పి పెరట్లోనే చుట్టేశాడు. అది కాస్తా తిరిగింది. ఆ చప్పుడు ఉపసంఘం చెవిన పడింది. వెంటనే నోటీసు వెళ్ళింది. "గ్రామ లోటుని ఏ అధికారంతో తీర్చినారో తెలియజేయవలెను." వెంకన్న హడలిపోయి, మోటారు పొరపాటున తిరిగిందనీ, మళ్ళీ తిరగనివ్వననీ రాసిచ్చాడు. అల్లుడు ఆ రోజు బస్సెక్కినవాడు మళ్ళీ అత్తారింటి ముఖం చూడలేదు. కూతురు ఇప్పటికీ ఫోను చేసి, "మీ కమిటీ ఉందా, పోయిందా?" అని అడిగి పెట్టేస్తుంటుంది.

చంటి కూడా చిక్కుల్లో పడ్డాడు. హాస్టల్లో ఎవడూ లేనప్పుడు ఫ్యూజు వేశాడని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. సంజాయిషీకి పిలిపించారు. "ఒట్టు మావయ్యా, నేను ముట్టుకోలేదు. కరెంటు దానంతటదే వచ్చింది," అని చంటి భోరుమన్నాడు. "ఇటువంటి నైపుణ్యాలు భవిష్యత్తులో ప్రదర్శించరాదు," అని హెచ్చరించి పంపేశారు. పాపం, వాడు ఆ కాస్త సరదా కూడా మానుకున్నాడు.

ఈలోగా సుగుణ మళ్ళీ ఐటీఐకి దరఖాస్తు పెట్టింది. మళ్ళీ సీటు వచ్చింది. ఉత్తరం పట్టుకుని మంగతాయారు ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, ఈసారి కూడా కాపోతే నాన్న నన్ను జీడిపప్పు ఫ్యాక్టరీలో చేర్పించేత్తానంటన్నాడు. నాన్నని అనుకుని లాభం లేదు. ఎన్నాళ్ళని కూచోబెడతాడు?"

"ఫ్యాక్టరీకి పోతే మళ్ళీ రావే నువ్వు," అంది మంగతాయారు.

"రానత్తా. ఆ జీడి అంటిన చేతుల్తో మళ్ళీ ఎవరు పుస్తకాలు పట్టుకుంటారు?"

మంగతాయారు ఆ పిల్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుని చూసింది. కోకో కత్తి గాట్లతో అప్పటికే గరుకెక్కి ఉన్నాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కూడా కోపం వచ్చింది. పోయేవాడు పోకుండా ఇంత లోటు చేసి పోవాలా!

ఆ వారం మీటింగులో టీ వచ్చింది. ఆవిడ ముట్టుకోలేదు.

"ప్రెసిడెంటు గారండీ, నేనొక మాట చెప్తాను, ఇనండి," అంది లేచి నిలబడి. "లోటు నాది బాబూ. ఆయన కంచం కడిగి బోర్లించింది నేను. ఆ లోటు తీరదు, తీర్చమని మిమ్మల్ని నేను అడగను. ఊరి లోటు అలా కాదు కదండీ. దానికో పిల్ల చాలు. నాది వదిలెయ్యండి, ఊరిది తీర్చండి."

భీమశంకరం గారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆయన నోటి దాకా ఏదో మాట వచ్చింది కూడా. కానీ కామేశం గారు చెయ్యెత్తారు.

"గౌరవ సభ్యురాలి ఆవేదన కమిటీ సానుభూతితో నమోదు చేసుకున్నది. అయితే తమరి లోటు వ్యక్తిగతం. తీర్మానంలో ఉన్నది గ్రామ లోటు. వ్యక్తిగతమైన దాన్ని ఉంచుకుని అధికారికమైన దాన్ని తీర్చమనడం నిబంధనలకి పూర్తిగా తలకిందులు."

మంగతాయారు కూర్చుండిపోయింది. ఈ మనిషితో మనిషిలా మాట్లాడితే లాభం లేదని అప్పుడు బుర్రకెక్కింది. ఇన్నాళ్ళూ ఈ గదిలో వింటూ కూర్చుంది కదా, ఆ భాష ఆవిడకీ కొంచెం అంటుకోకపోలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్ళీ లేచింది.

"కార్యదర్శి గారండీ, నాదో సందేహం. మన తీర్మానంలో లోటు ఏ ఊరికన్నారు?"

"గ్రామానికి. అనగా గంగన్నగూడేనికి."

"పక్కూరికి లేదు కదండీ?"

"బొర్రంపాడుకా? వారి లోట్లతో మనకేమి సంబంధం?"

"అయితే ఈ పిల్ల పని నేర్చుకున్నా, మన పంచాయతీ గట్టు లోపల మోటారు ముట్టుకోనని రాసిచ్చిందనుకోండి. మన లోటుకి ఢోకా ఉంటదా?"

కామేశం గారు కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ముఖంలో ఒక వెలుగు మెల్లిగా పాకింది. ఇంత చక్కటి షరతు తనకి తట్టనందుకు కాస్త ఈర్ష్య కూడా పడ్డారేమో, ఏమో.

"ఉండదు," అన్నారు. "పైపెచ్చు, ఊళ్ళో లోటు తీర్చగలిగిన ఏకైక వ్యక్తిని ఊరి బయట కట్టడి చేసినట్టవుతుంది. అధ్యక్షా, ఇది అత్యంత రక్షణాత్మకమైన ప్రతిపాదన."

"ఇంకోటండీ," అంది మంగతాయారు, ముఖం ఏమాత్రం కదల్చకుండా. "ఆ బీరువాలో పనిముట్లు ఊళ్ళో ఉండటం నాకైతే మంచిగా తోచటం లేదు. ఏ దొంగ చేతికో చిక్కి, ఆడు ఓ మోటారు బాగుచేసేడనుకోండి. మన పరువేంగాను?"

"నిజమే," అన్నారు భీమశంకరం గారు బెదిరిపోయి. "బీరువాకి తాళం కూడా సరిగ్గా పడదు."

"పంచాయతీ గట్టు దాటించేసి నా పూచీ మీద దాపెడతానండి."

"గౌరవ సభ్యురాలి దూరదృష్టిని అభినందిస్తూ తీర్మానం," అన్నారు కామేశం గారు పెన్ను తీస్తూ. ఏకగ్రీవంగా ప్యాసైంది. గంగన్నగూడెం సరిహద్దుల లోపల ఏ మోటారునూ ముట్టననీ, విప్పననీ, తిరిగేలా చేయననీ సుగుణ సంతకం పెట్టింది. నవ్వు ఆపుకోలేక ఆ పిల్ల సంతకం వంకర పోయింది. ఉపకార వేతనం పుచ్చుకుని మర్నాడు బస్సెక్కి ఐటీఐకి వెళ్ళింది.

గంగన్నగూడేనికీ బొర్రంపాడుకీ మధ్య ఒక ఎండు వాగు ఉంది. దాని మీద కల్వర్టు ఉంది. కల్వర్టుకి ఇవతల మన పంచాయతీ బోర్డు, అవతల వాళ్ళ పంచాయతీ బోర్డు. సుగుణ చదువు ముగించుకుని, టౌన్లో ఒక షాపులో కొన్నాళ్ళు పనిచేసి చెయ్యి తిరిగాక వచ్చేసరికి, అవతలి బోర్డు పక్కనే మంగతాయారు రేకుల షెడ్డు వేయించి సిద్ధంగా ఉంచింది. పొద్దున్నే తలుపు తీసి, మేజాబల్ల తుడిచి, గవర్రాజు పనిముట్లు వరసగా పరిచింది. అక్కడి నుంచి తుమ్మితే గంగన్నగూడెంలో వినపడుతుంది.

మొదటి మోటారు అబ్బులుదే. ఆ తర్వాత వెంకన్నది. ఆ తర్వాత ఇంక లెక్కెక్కడిది! సైకిళ్ళ మీద, ఆటోల్లో, నెత్తి మీద, గంగన్నగూడెం కాలిన మోటార్లన్నీ వాగు దాటి వెళ్ళి, సాయంత్రానికి బాగుపడి వెనక్కి వస్తున్నాయి. చేలన్నీ పచ్చగా ఉన్నాయి. సంవత్సరికం సభలో కామేశం గారు నివేదిక చదివారు. గ్రామ సరిహద్దుల లోపల ఒక్కటంటే ఒక్క మోటారు కూడా చుట్టబడలేదనీ, లోటు చెక్కుచెదరక యథాతథంగా ఉన్నదనీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. వెంకన్న ఈలలు కూడా వేశాడు.

ఆ వారంలోనే భీమశంకరం గారి తోటలో మోటారు కాలింది. కొత్తగా వేసిన పామాయిల్ మొక్కలు, మండుటెండ. ఆయన ఒక రోజు ఓర్చుకున్నారు. రెండో రోజు మోటారు ట్రాక్టరు మీద వేయించుకుని, కామేశం గారిని వెంటబెట్టుకుని కల్వర్టు దాకా వచ్చి, దిగి, మన బోర్డు దగ్గర నిలబడిపోయారు. ట్రాక్టరు తోలుకొచ్చింది ఏసుపాదమే. కూతురి కొట్టు ఎదురుగా కనపడుతున్నా, పెద్దలు తేల్చే దాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"కామేశం గారూ, నేను అటు వెళ్ళచ్చంటారా?"

కామేశం గారు మోటారునీ, బోర్డునీ మార్చి మార్చి చూశారు. "మోటారు వెళ్ళవచ్చు. మోటారుకి కమిటీలో సభ్యత్వం లేదు. తమరు లోటుకి అధ్యక్షులు. అధ్యక్షులే స్వయంగా వెళ్ళి..."

"మరి దగ్గరుండి చేయించుకోపోతే ఎట్టాగండీ? మొక్కలు చచ్చిపోతన్నాయండీ!"

"ఉపసంఘంలో పెట్టి చూద్దాం."

"ఎప్పుడండీ ఉపసంఘం?"

"వచ్చే నెల."

భీమశంకరం గారు ఎండలో చెమటలు కక్కుతూ కల్వర్టు వైపు చూశారు. అడుగు ముందుకి వేశారు, వెనక్కి తీశారు. చూడటానికి జాలేసింది. షెడ్డు లోపల సుగుణ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కిసుక్కుమంటోంది. మంగతాయారు ఆ పిల్లని కసిరి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కల్వర్టు ఆ చివర నిలబడి పిలిచింది.

"ప్రెసిడెంటు గారండీ, ఆయన పోయింది అటేపండి. ఇటేపు ఎవ్వరూ పోలేదు. భయం లేదు, వచ్చెయ్యండి!"

భీమశంకరం గారు కామేశం గారి వైపు చూడలేదు. పంచె ఎగ్గట్టి, గబగబా కల్వర్టు దాటేశారు. వెనకాలే ఏసుపాదం ట్రాక్టరు స్టార్టు చేశాడు. సుగుణ ఎదురొచ్చి మోటారు దింపించుకుంది.

మంగతాయారు షెడ్డులోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తను ఇప్పుడు చెప్పింది పచ్చి అబద్ధమని ఆవిడకి తెలుసు. ఆవిడకి గవర్రాజు వాగుకి అటూ పోయాడు, ఇటూ పోయాడు. కానీ బయట ఎండలో మొక్కలు చచ్చిపోతున్నాయి.

"అత్తా, రాగి తీగందుకో," అని సుగుణ కేకేసింది. ఆవిడ ముక్కు చీది, తీగ చుట్ట అందుకుని వెళ్ళింది.